గణనయంత్రములకు నీటి చలువ

విద్యుత్తుతో పనిచేయు యంత్రములలో కొన్ని బరువులను లేవనెత్తును. కొన్ని చక్రములను త్రిప్పును. కొన్ని వెలుతురు నిచ్చును. గణనయంత్రము, అనగా కంప్యూటరు, ఇట్టి పని యేదియు చేయదు. అది అంకెలను కూడును, పోల్చును, జ్ఞాపకముంచుకొనును. ఈ పనుల ఫలితము మనకెంత విలువైనదైనను, శక్తి లెక్కలో దాని వంతు దాదాపు శూన్యము. కావున యంత్రమునకు మనమిచ్చిన విద్యుచ్ఛక్తి యంతయు తుదకు వేడిమిగా మారి బయటికి రావలసినదే. 300 వాట్ల విద్యుత్తును తీసికొను కంప్యూటరు, అంతే విద్యుత్తును తీసికొను పొయ్యితో సమానముగ గదిని వేడి చేయును.

ఈ వేడిమి మొత్తమున పెద్దది కాదు; కాని అది పుట్టు చోటు మిక్కిలి చిన్నది. చిక్కంతయు అందే యున్నది. మన యిండ్లలోని 1000 వాట్ల ఇస్త్రీపెట్టెను తీసికొందము. దాని అడుగుభాగము సుమారు 200 చదరపు సెంటీమీటర్లుండును. అనగా ఒక్కొక్క చదరపు సెంటీమీటరునుండి 5 వాట్ల వేడిమి వెలువడుచున్నది. రెండు చదరపు సెంటీమీటర్ల వైశాల్యముగల సిలికాను చిప్పునుండి 150 వాట్లు వెలువడినచో, ఒక్కొక్క చదరపు సెంటీమీటరునకు 75 వాట్లు వచ్చును. ఇది ఇస్త్రీపెట్టెకు పదునైదు రెట్లు. అంతేగాక ఇస్త్రీపెట్టె కాలుటయే మనకు కావలెను. చిప్పు మాత్రము సుమారు 100 డిగ్రీలు దాటరాదు. దాటినచో లెక్కలు తప్పును, చిప్పు ఆయువు తరుగును.

ఈ వేడిమిని తొలగించుటకు మానవుడు నీటిని ఎప్పుడు పిలిచెను? మధ్యలో ఎందుకు పంపివేసెను? మరల ఎందుకు పిలువవలసివచ్చెను? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొన్నచో గణనయంత్రముల చరిత్రలో ఒక ముఖ్యభాగము మనకు తెలిసినట్లే.

నీటికిగల యోగ్యత

ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 4,180 జౌళ్ల శక్తి కావలెను. ఒక కిలోగ్రాము గాలికి సుమారు 1,005 జౌళ్లు చాలును. బరువునుబట్టి చూచిన తేడా నాలుగు రెట్లే. కాని లీటరు నీరు ఒక కిలోగ్రాము తూగగా, లీటరు గాలి 1.2 గ్రాములు మాత్రమే తూగును. కావున ఘనపరిమాణమునుబట్టి చూచినచో నీరు గాలికంటె సుమారు 3,500 రెట్లు ఎక్కువ వేడిమిని మోసికొని పోగలదు. ఉష్ణవహనములో కూడ నీరు గాలికంటె ఇరువది రెట్లకు పైగా మెఱుగు.

విద్యార్థులు ఈ లెక్కను తామే వేసి చూడవచ్చును. 250 వాట్ల వేడిమిని తీసికొనిపోవుచు తాను 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కవలెనన్నచో, గాలి క్షణమునకు, అనగా ఒక సెకనుకు, 21 లీటర్ల చొప్పున ప్రవహింపవలెను. అదే పనికి నీరు సెకనుకు 6 మిల్లీలీటర్లు చాలును. అనగా ఒక చిన్న చెంచాకు కొంచెము ఎక్కువ.

ఈ సంగతి కంప్యూటర్లు పుట్టకముందే ఇంజనీర్లకు తెలియును. మోటారుకారు తొలిదినములలో ఇంజనును చల్లార్చుటయే పెద్ద సమస్యగ నుండెను. 1900–01 ప్రాంతమున జర్మనీలో విల్‌హెల్మ్ మైబాక్ అను నిపుణుడు మెర్సిడెస్ కారునకు తేనెపట్టువంటి రేడియేటరును అమర్చెను. అందులో ఎనిమిది వేలకు పైగా సన్నని గొట్టములుండెను. కొద్ది నీటికే గాలి తగులు తలమును అనేక రెట్లు పెంచుట అందలి రహస్యము. 1920 తరువాతి దశకములో పెద్ద రేడియో ప్రసార కేంద్రముల వాల్వులను కూడ నీటితో చల్లార్చుచుండిరి.

గాలి చాలిన దినములు

అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున నిర్మింపబడి, 1946లో లోకమునకు చూపబడిన ఎనియాక్ యంత్రములో సుమారు 18,000 వాల్వులుండెను. అది 150 కిలోవాట్ల విద్యుత్తును తీసికొనుచుండెను. ఇంత వేడిమినైనను పంకాల గాలియే తొలగింపగలిగెను. ఏలననగా ఆ యంత్రము ఒక పెద్ద హాలునంతను ఆక్రమించినది. వేడిమి విశాలమైన చోట పరచుకొనియుండెను. 1951లో వచ్చిన యూనివాక్ యంత్రమునకు చల్లని నీటితో చల్లబరచిన గాలిని పంపిరి. ఇక్కడ నీరు మొదటిసారిగ ప్రవేశించినను, అది గాలికి మాత్రమే సహాయకారి.

1947లో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. వాల్వులో వలె తంతువును ఎఱ్ఱగా కాల్చవలసిన అవసరము దీనికి లేదు. ఒక్కొక్క ట్రాన్సిస్టరు విడుచు వేడిమి స్వల్పము. ఇక వేడిమి బాధ తీరినదని తలంచుట సహజమే. కాని జరిగినది వేరు. ట్రాన్సిస్టరు చిన్నది కావున ఇంజనీర్లు వాటిని దగ్గర దగ్గరగా పేర్చిరి. విద్యుత్సంకేతము ఒక చోటినుండి మరియొక చోటికి పోవుటకు కాలము పట్టును. యంత్రము వేగముగ పనిచేయవలెనన్నచో తీగలు పొట్టివి కావలెను. తీగలు పొట్టివి కావలెనన్నచో భాగములు ఇరుకుగ నుండవలెను. ఇరుకుదనము పెరిగినకొలది గాలికి దారి తగ్గినది. ఈ చరిత్రలో ఇదే మాటిమాటికి కనబడు సూత్రము.

నీరు ప్రవేశించుట

1964లో సేమూర్ క్రే రూపొందించిన సి.డి.సి. 6600 అను యంత్రము వెలువడినది. 1969 వరకు ప్రపంచములో దానిని మించిన వేగముగలది లేదు. సుమారు 4 లక్షల ట్రాన్సిస్టర్లను అందులో కిక్కిరియ నమర్చిరి. గాలి చాలదని గ్రహించి, శీతలయంత్రములలో వాడు ఫ్రియాన్ ద్రవమును గొట్టములద్వారా యంత్రమునందే ప్రవహింపజేసిరి. అదే కాలమున ఐ.బి.ఎం. వారు 360 వరుసలోని 91వ నమూనాను తయారుచేయ బూనిరి. అందులో గాలి క్రిందినుండి పైకి పోవుచు ఒక్కొక్క పలకను దాటినప్పుడెల్ల వేడెక్కును. కావున పలకకు పలకకు మధ్య నీరు ప్రవహించు రేకులను అమర్చి, ఆ గాలిని మరల మరల చల్లార్చిరి. ఇది గాలికిని నీటికిని కుదిరిన పొత్తు.

1965లో గోర్డన్ మూర్ ఒక ప్రసిద్ధ వ్యాసమును ప్రచురించెను. ఒక్క చిప్పుపై పట్టు భాగముల సంఖ్య ఏటేట రెట్టింపగుచుండునని అందు ఊహించెను. అంత వేడిమిని తొలగించుట సాధ్యమా అను ప్రశ్నను కూడ ఆయనయే వేసికొనెను. చిప్పు పలుచని బిళ్ల కావున వేడిమి పుట్టు ప్రతి చోటికిని సమీపమున చల్లార్చుటకు వీలైన తలముండునని ఆయన సమాధానము. సాధ్యమే, కాని సులభము కాదని తరువాతి చరిత్ర తెలిపినది.

1976లో క్రే-1 యంత్రము లాస్ అలామాస్ చేరినది. 115 కిలోవాట్ల వేడిమిని తొలగించుటకు అల్యూమినియం స్తంభములలో ఉక్కు గొట్టములను బిగించి ఫ్రియాన్‌ను పంపిరి. ఆ అతుకులనుండి ద్రవముతోపాటు కందెన నూనెయు మెల్లగ కారి పలకలను తడుపుట మొదట వారికి గొప్ప తలనొప్పియైనది. 1985లో వచ్చిన క్రే-2లో మరింత సాహసించి, పలకలన్నిటిని విద్యుత్తును ప్రసరింపనీయని ఫ్లోరిన్ ద్రవములో ముంచివైచిరి. ఇట్టి ఫ్లోరిన్ పదార్థములు ప్రకృతిలో ఎంతకాలమునకును విచ్ఛిన్నము కావు. వాటిలో ప్రసిద్ధమైన రకమును చేయుచుండిన 3ఎం సంస్థ, 2025 చివరికి ఆ తయారీనుండి తప్పుకొందుమని 2022లో ప్రకటించెను.

నీటిని చిప్పునకు అతి సమీపమునకు తెచ్చిన ఘనత 1980లో ప్రకటింపబడిన ఐ.బి.ఎం. 3081 యంత్రమునకు దక్కును. అందులో అరచేతియంత పింగాణీ పలకపై నూరుకు పైగా చిప్పులుండెను. ఒక్కొక్క చిప్పు వీపుపై స్ప్రింగు నొక్కుచుండగా ఒక అల్యూమినియం ముషలకము ఆనియుండును. ముషలకమునకును గోడకును నడుమనున్న సందులలో గాలికి బదులు హీలియం వాయువును నింపిరి. గాలికంటె హీలియం దాదాపు ఆరు రెట్లు బాగుగ వేడిమిని ప్రసరింపజేయును. పైమూతగా చల్లని నీరు ప్రవహించు పలక. ఇట్లు ఒక్కొక్క పెట్టెనుండి సుమారు 300 వాట్లు తొలగింపబడుచుండెను. నీరు చిప్పును తాకదు. అయినను దానికి కొద్ది సెంటీమీటర్ల దూరములోనే యుండును.

1981లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున టకర్‌మన్, పీస్ అను ఇరువురు మరియొక ముఖ్య విషయమును నిరూపించిరి. వారు సిలికాను వీపుననే 50 మైక్రానుల వెడల్పుగల కాలువలను చెక్కి నీటిని పంపి, ఒక్కొక్క చదరపు సెంటీమీటరునుండి 790 వాట్లు తొలగించిరి. కాలువ సన్నబడినకొలది గోడనుండి నీటి మధ్యభాగమునకు దూరము తగ్గును. వేడిమి త్వరగ చేరును. నేడు బల్లమీది కంప్యూటర్లలోని రాగిదిమ్మె ఈ సూత్రముపైననే పనిచేయుచున్నది.

నీరు నిష్క్రమించుట

ఇట్లుండగా 1990 తరువాత నీరు అకస్మాత్తుగ వెనుకకు తగ్గినది. కారణము పంపులలో లేదు, ట్రాన్సిస్టరులో నున్నది. అంతవరకు పెద్ద యంత్రములలో వాడిన బైపోలార్ ట్రాన్సిస్టరు పనియున్నను లేకున్నను విద్యుత్తును త్రాగుచునే యుండును. సీమాస్ అను జంట ట్రాన్సిస్టరుల పద్ధతిలో స్థితి మారునప్పుడే ముఖ్యముగ విద్యుత్తు ఖర్చగును, ఊరకయున్నప్పుడు అత్యల్పము. మొదట ఇవి నిదానమైనవి. అయినను 1994లో ఐ.బి.ఎం. వారు సీమాస్‌తో పెద్ద యంత్రములను తెచ్చినప్పుడు వాటికి గాలియే చాలినది. 1998 నాటికి అవి పాత బైపోలార్ యంత్రములను వేగములో కూడ దాటిపోయినవి. వేడిమిని మోయుటకంటె వేడిమిని పుట్టింపకుండుటయే మేలని ఈ ఘట్టము చాటినది.

కాని ఆ విశ్రాంతి కొద్దికాలమే. సీమాస్ ట్రాన్సిస్టర్లను కూడ చిన్నవి చేసి, ఇరికించి, వేగముగ నడపసాగిరి. 1993 నాటి తొలి పెంటియం చిప్పు సుమారు 15 వాట్లు తీసికొనుచుండెను. పంకా అమర్చిన చిన్న లోహపుదిమ్మె దానికి సరిపోయెను. 2004 నాటి పెంటియం 4 చిప్పులలో కొన్ని 100 వాట్లు దాటినవి. ట్రాన్సిస్టరు గోడలు అతి పలుచనై, ఊరకయున్నప్పుడు కూడ విద్యుత్తు కారుట హెచ్చినది. సెకనుకు 400 కోట్ల స్పందనలుగల పెంటియం 4ను తెచ్చు ప్రయత్నమును ఇంటెల్ సంస్థ 2004 అక్టోబరులో విరమించినది. వేగమును పెంచుటకు బదులు ఒకే చిప్పుపై రెండు, నాలుగు గణనభాగములను పెట్టు పద్ధతి 2005నుండి సాధారణమైనది. మన కంప్యూటర్ల నిర్మాణమునే వేడిమి మార్చివేసినదన్నమాట.

బల్లమీదికి వచ్చిన నీరు

1990 చివరి సంవత్సరములలో చిప్పులను నియమించిన దానికంటె వేగముగ నడుపు ఔత్సాహికులు స్వయముగ నీటివలయములను కట్టుకొనిరి. పంపు చేపలతొట్టిది, రేడియేటరు పాత కారులో లోపల వెచ్చదనమునకు వాడినది, రాగిదిమ్మె ఇంటిలో రంధ్రములు పొడిచి చేసికొన్నది. మైబాక్ తేనెపట్టు ఇట్లు మరియొక రూపమున కంప్యూటరు పెట్టెలోనికి వచ్చినది. 2004 జూనులో ఆపిల్ సంస్థ తన జి-5 యంత్రములలో అన్నిటికంటె వేగముగల దానికి ద్రవశీతలీకరణమును కర్మాగారముననే అమర్చి అమ్మినది. వాటిలో కొన్నిటినుండి తరువాత ద్రవము కారి యంత్రములు పాడైనవి. డెన్మార్కు దేశపు అసెటెక్ సంస్థ పంపును రాగిదిమ్మెను ఒక్కటిగ కలిపి, నీరుపోసి మూసివేసిన వలయములను రూపొందించినది. 2009లో కోర్సేర్ సంస్థ అమ్మిన హెచ్50 ఇట్టిదే. నాటినుండి నీటివలయము సామాన్యులకును అందుబాటైనది.

ఈ వలయములోని భాగములు నాలుగు. మొదటిది చిప్పుపై కూర్చుండు రాగిదిమ్మె. దాని లోపల మిల్లీమీటరులో కొద్దిభాగము ఎడముగల పలుచని రేకులుండును. చిప్పునకును దిమ్మెకును మధ్య గాలి నిలువకుండ ఒక ముద్దను పూయుదురు. రెండవది పంపు, కొద్ది వాట్లతో తిరుగును. దాని చక్రము నీటిలోనే యుండి, గోడ కావలినుండి అయస్కాంతబలముచే త్రిప్పబడును. కావున ఇరుసు వెంట నీరు కారు భయము లేదు. మూడవది గొట్టములు. నాలుగవది రేడియేటరు, దాని రేకుల నడుమ పంకాలు గాలిని పంపును. కొన్నిటికి నీటితొట్టి ప్రత్యేకముగ నుండును.

వలయమును గూర్చి సామాన్యముగ మూడు భ్రమలు కలవు. మొదటిది: నీరు వేడిమిని మ్రింగివేయునని. అర లీటరు నీరు 200 వాట్ల వేడిమిని తనలోనే యుంచుకొన్నచో పది సెకనులకు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుచుండును, గంటలోపలనే మరుగును. అట్లు జరుగకుండుటకు కారణము రేడియేటరు. నీరు మోతగాడు మాత్రమే. తుదకు వేడిమిని స్వీకరించునది గాలియే. నీటి పరిమాణమును పెంచినచో వేడెక్కుట ఆలస్యమగునుగాని, తుది ఉష్ణోగ్రత తగ్గదు. దానిని నిర్ణయించునవి రేడియేటరు వైశాల్యము, పంకాల గాలి.

రెండవది: రేడియేటరునుండి వచ్చు నీరు మిక్కిలి చల్లగను, చిప్పునుండి పోవునది మిక్కిలి వేడిగను ఉండునని. నిమిషమునకు 4 లీటర్లు ప్రవహించు వలయములో 250 వాట్లు చేరినను, నీరు దిమ్మెను దాటునప్పుడు ఒక డిగ్రీయైనను హెచ్చదు. వలయమంతట నీరు దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో నుండును.

మూడవది: నీటివలన చిప్పు గదికంటె చల్లనగునని. వేడిమి ఎక్కువ ఉష్ణోగ్రతనుండి తక్కువ ఉష్ణోగ్రతకే తనంతట ప్రవహించును. గది 38 డిగ్రీలున్న రోహిణికార్తెలో వలయములోని నీరు 38కి పైననే యుండవలెను. అట్లయినచో మట్టికుండలోని నీరు గదికంటె ఎట్లు చల్లబడుచున్నదని విద్యార్థి అడుగవచ్చును. కుండ రంధ్రములనుండి కొంత నీరు ఆవిరియై గుప్తోష్ణమును తీసికొనిపోవును. మూసిన వలయములో నీరు ఆవిరియై బయటికి పోదు. కావున కుండ చేయు పనిని అది చేయలేదు.

జాగ్రత్తలును కలవు. రాగి, అల్యూమినియం ఒకే నీటిలో నున్నచో విద్యుద్ఘటము ఏర్పడి అల్యూమినియం తినివేయబడును. అందుచే ఒకే లోహమును వాడుదురు, లేదా తుప్పును నిరోధించు ద్రవ్యములను కలుపుదురు. నాచు పట్టకుండ మందు వేయుదురు. గొట్టముల గోడలగుండ నీరు ఏండ్ల తరబడి అణువణువుగ బయటికి పోయి, దాని స్థానమున గాలి చేరును. ఆ గాలి పైకి లేచును గనుక రేడియేటరు పైభాగము పంపుకంటె ఎత్తులో నుండవలెను. లేనిచో గాలి పంపులో చేరి ప్రవాహమును ఆటంకపరచును. పంపు ఆగినచో నేటి చిప్పులు తమ వేడిమిని తామే గ్రహించి, మొదట వేగమును తగ్గించుకొని, పిమ్మట ఆగిపోవును.

మరల పిలుపు

పెద్ద యంత్రములకు నీరు 2008లో తిరిగివచ్చినది. ఆ యేడు ఐ.బి.ఎం. వారి పవర్ 575 యంత్రములో చిప్పులపై నీటిపలకలు నిలిచినవి. 2010లో స్విట్జర్లండులోని జ్యూరిచ్ నగరమున అక్వాసార్ అను యంత్రములో ఒక వింత చేసిరి. చల్లని నీటికి బదులు సుమారు 60 డిగ్రీల వేడినీటిని లోనికి పంపిరి. చిప్పు 85 డిగ్రీల లోపున నున్న చాలును గదా! బయటికి వచ్చు నీరు మరింత వేడిది కావున దానితో విశ్వవిద్యాలయ భవనములను వెచ్చజేసిరి. 2022లో ప్రపంచములో మొదటి స్థానమునకు చేరిన అమెరికా ఫ్రాంటియర్ యంత్రము పరీక్షలో సుమారు 21 మెగావాట్లు తీసికొనినది. దానిని చల్లార్చునది నీరే.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టుచున్నది. ఇంత వేడిమిని ఆ నీరు తుదకు ఎక్కడ వదలును? అనేక చోట్ల శీతలీకరణ గోపురములలో మరికొంత నీటిని ఆవిరి చేసి వదలుదురు; అనగా కుండ పద్ధతియే. ఒక కిలోగ్రాము నీరు ఆవిరియైనచో సుమారు 24 లక్షల జౌళ్లు పోవును. ఒక మెగావాట్ వేడిమినంతటిని ఇట్లే వదలినచో గంటకు సుమారు 1,500 లీటర్లు, దినమునకు సుమారు 36,000 లీటర్ల నీరు ఆవిరియగును. బల్లమీది వలయము ఏండ్లకేండ్లు అదే అర లీటరు నీటితో గడుపును. గోపురము మాత్రము ప్రతిదినము క్రొత్తనీరు త్రాగును.

2025 అక్టోబరులో విశాఖపట్టణమున గిగావాట్ పరిమాణముగల డేటా కేంద్రమును స్థాపింతుమని గూగుల్ సంస్థ ప్రకటించినది. ఒక గిగావాట్ వేయి మెగావాట్లు. అంత వేడిమిని ఆవిరిద్వారానే వదలు పక్షమున ఎంత నీరు కావలెనో పై లెక్కనుబట్టి విద్యార్థులే కనుగొనవచ్చును. ఆవిరి పద్ధతి తప్ప గత్యంతరము లేదనుకొనరాదు. రేడియేటరులను విస్తరించి గాలికే వదలవచ్చును. అప్పుడు పంకాలకు విద్యుత్తు హెచ్చు కావలెను. త్రాగుటకు పనికిరాని నీటిని వాడవచ్చును. ఏది ఎన్నుకొన్నను నీటికిని విద్యుత్తుకును మధ్య బేరమే. ఆ బేరమును తెలిసి మాటలాడుటకు పౌరులకు విశిష్టోష్ణము, గుప్తోష్ణము అను రెండు పాఠములు చాలును. అవి రెండును ఉన్నత పాఠశాలలో చెప్పునవే.

ఎనభై యేండ్ల ఈ చరిత్రను కలిపి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. గాలి ఓడిన ప్రతిసారియు నీరు వచ్చి ఆదుకొన్నది. కాని ఒకేసారి భారము నిజముగ తగ్గినది. అది 1990 తరువాత, తక్కువ వేడిమితో అదే పనిచేయు ట్రాన్సిస్టరు చేతికందినప్పుడు. నీటికిగల మోయుశక్తి గొప్పదే. అయినను మోయవలసిన బరువును తగ్గించు ఉపాయము అంతకంటె గొప్పది. నేటి విద్యార్థులలో ఎవరైనను ఆ ఉపాయమును మరియొకసారి కనుగొందురుగాక.